ఆటలమ్మ లెక్క ఆసుపత్రి గుమ్మంలోనే మొదలవ్వాలి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ప్రజారోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ డైరెక్టర్ గారికి,



ఏటా సంక్రాంతి వెళ్లాక మొదలై, ఉగాది దాటి ఎండలు ముదిరేదాకా మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆటలమ్మ (చికెన్‌పాక్స్) తిరుగుతుంది. ఇళ్ల గుమ్మాలకు వేపమండలు ఎక్కువగా కనిపించేది ఆ రోజుల్లోనే. పదో తరగతి, ఇంటర్ పిల్లలకు పరీక్షలు జరిగేదీ ఆ రోజుల్లోనే. హాస్టల్లో ఒకరికి పొక్కులు లేస్తే రెండు మూడు వారాల్లో గదిలో సగం మంది పడకేస్తారు. ఇదంతా మీకు తెలియనిది కాదు. నేను అడగబోయేది ఒక్కటే. మా జిల్లాల పెద్దాసుపత్రుల్లో క్యాజువాలిటీ గడప తొక్కిన ప్రతి ఆటలమ్మ రోగినీ అదే రోజు, విడిగా, వయసుతో, ఊరి పేరుతో లెక్కకు ఎక్కించండి. ఆ లెక్కను ఆలస్యం చేయకుండా ఆ ఊరి ఆరోగ్య సిబ్బందికి తిరిగి చేర్చండి.

“ఆటలమ్మకు ఇంత హడావుడి ఎందుకు?” అని అడిగేవాళ్లుంటారు. చిన్నపిల్లల్లో చాలామందికి అది వారం పది రోజుల్లో దానంతటదే తగ్గిపోతుందన్నది నిజమే. కానీ ఆ వైరస్ నడక గమనించండి. ఒంట్లో చేరాక 10 నుంచి 21 రోజుల దాకా ఏమీ తెలియనివ్వదు. పొక్కులు పైకి లేవడానికి ఒకటి రెండు రోజుల ముందే పక్కవాళ్లకు అంటుకోవడం మొదలుపెడుతుంది. ఆఖరి పొక్కు ఎండి పెచ్చు కట్టేదాకా అంటుకుంటూనే ఉంటుంది. గాలిలో పోతుంది కాబట్టి తాకకపోయినా వస్తుంది. పెద్దవాళ్లకు వస్తే ఊపిరితిత్తులకు పాకి న్యుమోనియాగా మారవచ్చు. కొందరికి మెదడు వాస్తుంది. గోకిన పొక్కులకు చీము పట్టి ఆ విషం రక్తంలోకి దిగవచ్చు. కాన్పుకు ఐదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత దాకా ఎప్పుడు తల్లికి పొక్కులు లేచినా, పుట్టిన బిడ్డ ప్రాణానికే ముప్పు.

మనలాంటి వేడి దేశాల్లో మరో చిక్కుంది. టీకా లేని చల్లని దేశాల్లో దాదాపు పిల్లలందరికీ బడి ఈడులోనే ఈ జబ్బు వచ్చిపోతుంది. మన పల్లెల్లో చాలామంది అది సోకకుండానే పెద్దవాళ్లవుతారు. అలా పెరిగిన మా కుర్రాళ్లు పని వెతుక్కుంటూ హైదరాబాదుకో చెన్నైకో వెళ్లి, ఒకే గదిలో పదిమంది సర్దుకుంటారు. మా తీరం మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వేటకు పోయి, నెలల తరబడి ఒకే బోటులో బతుకుతారు. చిన్నప్పుడు రాని ఆటలమ్మ వాళ్లకు పాతికేళ్లప్పుడో ముప్పై ఏళ్లప్పుడో వస్తుంది. ఆ వయసులో వచ్చేది చిన్న జబ్బు కాదు.

ఇక మా ఉద్దానం సంగతి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో రాష్ట్రమంతటికీ తెలుసు. ఆ రోగుల కోసమే పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం కట్టి 2023 డిసెంబరులో ప్రారంభించారు. డయాలసిస్ మీద బతికేవాళ్లకూ కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకూ ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి తక్కువ. ఆటలమ్మ వాళ్ల విషయంలో ప్రాణాంతకం కావచ్చు. పొక్కులతో వచ్చిన మనిషీ, డయాలసిస్‌కు వచ్చిన మనిషీ ఒకే వరండాలో ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చునే పరిస్థితి రాష్ట్రంలో ఎక్కడ ఉన్నా ప్రమాదమే. ఉద్దానంలో అది మరీ ప్రమాదం. పలాస, సోంపేట చుట్టుపక్కల ఏ ఊళ్లో ఆటలమ్మ తిరుగుతోందో ముందే తెలిస్తే డయాలసిస్ కేంద్రం తన రోగులను హెచ్చరించగలదు. పొక్కులున్న బిడ్డ ఇంట్లో ఉందేమో అడిగి, అవసరమైతే వేరే షిఫ్టులో, వేరే గదిలో డయాలసిస్ చేయగలదు. తెలియకపోతే చేయగలిగింది ఏమీ లేదు.

నేను కొత్త పథకమేదీ అడగడం లేదు. సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం, అదే మనమంతా ఐడీఎస్పీ అనేది, 2004 నుంచి ఉంది. 2018 చివర్లో దాన్ని ఐహెచ్ఐపీ అనే ఆన్‌లైన్ వేదిక మీదికి ఎక్కించినప్పుడు మొదట మొదలుపెట్టిన ఏడు రాష్ట్రాల్లో మనదీ ఒకటి. 2021 ఏప్రిల్‌లో అది దేశమంతటికీ వెళ్లింది. ఏఎన్ఎం నింపే ఎస్ ఫారంలో జ్వరంతో దద్దుర్లకు చోటుంది. డాక్టరు నింపే పీ ఫారంలో చికెన్‌పాక్స్‌కు పేరుతో సహా ఒక వరస ఉంది. ప్రతి జిల్లాలో నిఘా విభాగం ఉంది. అన్నీ ఉన్నా గుమ్మం దగ్గర ఒక ఖాళీ మిగిలింది. అర్ధరాత్రి ఆయాసంతో వచ్చిన మనిషి చీటీ మీద డ్యూటీ డాక్టరు “జ్వరం, ఆయాసం” అని రాస్తాడు. ప్రాణం నిలబెట్టే తొందరలో అంతకన్నా రాయడం కుదరదు. వార్డుకు వెళ్లాక అది న్యుమోనియా కేసు అవుతుంది. ఒంటి మీద పొక్కులు చర్మవ్యాధుల ఓపీకి పోతే మరో పేరు పడుతుంది. పొక్కులూ న్యుమోనియా ఒకే వైరస్ పని అన్న ముక్క ఏ కాగితం మీదా మిగలదు. పీ ఫారం నింపే ఉద్యోగికి ఆటలమ్మ కనబడదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ ముక్క రాసేందుకు చీటీలో చోటు లేదు, అంతే.

ఆ చోటు కల్పిస్తే ఏం జరుగుతుందో వేరే దేశాలు చూపించాయి. అమెరికాలో 1995లో టీకా రాక ముందు ఏటా సుమారు 40 లక్షల మందికి చికెన్‌పాక్స్ వచ్చేది. పది వేలకు పైగా ఆసుపత్రుల్లో చేరేవారు, 100 నుంచి 150 మంది దాకా చనిపోయేవారు. టీకా వచ్చాక కేసులు బాగా పడిపోయాయి. అప్పుడే అసలు చిక్కు మొదలైంది. జబ్బు అరుదైపోతే ఒక్కొక్క డాక్టరుకూ కనిపించేది ఏడాదికి ఒకటో రెండో. అవి ఒకచోట కూడితే తప్ప వ్యాప్తి ఉందో లేదో చెప్పలేం. అందుకు అక్కడ ఎమర్జెన్సీ విభాగాలు కూడా పనికొచ్చాయి. రోగి లోపలికి రాగానే నర్సు రాసుకునే “ఏం బాధ?” అన్న మాటలు, పంపించేటప్పుడు డాక్టరు వేసే జబ్బు సంకేతం, రెండూ రోజువారీగా ప్రజారోగ్య కార్యాలయానికి చేరతాయి. చికెన్‌పాక్స్ సంకేతం బీ01. ఒక పేటలో బీ01 మామూలు కన్నా పెరిగితే కంప్యూటరే చెబుతుంది. ఇంగ్లండ్‌లో కూడా 2012 లండన్ ఒలింపిక్స్ నాటికి ఎమర్జెన్సీ విభాగాల నుంచి రోజువారీ లెక్క తీసుకునే ఏర్పాటు నడిచింది.

ఆ పద్ధతిని మక్కీకి మక్కీ తెచ్చి ఇక్కడ పెట్టమని నేననను. అక్కడి లెక్కకూ మన లెక్కకూ అర్థం ఒకటి కాదు. అక్కడ బిడ్డకు పొక్కులు కనబడగానే ఆసుపత్రికి తీసుకుపోతారు. అందుకే ఎమర్జెన్సీ సంఖ్య పెరిగితే జబ్బు పాకుతోందని అర్థం. ఇక్కడ “అమ్మోరు పోసింది” అనగానే బిడ్డను గదిలో వేపాకు పడక మీద పడుకోబెడతారు. గడప దాటనివ్వరు. మందులు వేస్తే అమ్మవారికి కోపం వస్తుందని భయపడతారు. ఆయాసం వచ్చాకనో, ఫిట్స్ వచ్చాకనో, గర్భిణికి నొప్పులు మొదలయ్యాకనో 108కి ఫోను వెళుతుంది. కాబట్టి మన క్యాజువాలిటీలో కనిపించే ఒక్క ఆటలమ్మ కేసు వెనక ఊళ్లో ఇంకెన్నో ఉంటాయి. ఆ కేసు మనకు రెండు సంగతులు ఒకేసారి చెబుతుంది. ఒకటి, ఆ ఊళ్లో జబ్బు తిరిగి చాలా రోజులైంది. రెండు, అది ఇప్పుడు ప్రాణాల మీదికి వచ్చింది. ఈ రెండూ విన్నాక అదే రోజు ఆ ఊరి ఏఎన్ఎంకు ఫోను చేయాలి. వారం చివరి దాకా ఆగితే రెండో వరస పిల్లలకు అప్పటికే సోకి ఉంటుంది.

మా ప్రాంతానికి ఇంకో ఇబ్బంది ఉంది. మా రోగి ఒకచోట ఆగడు. టెక్కలి జిల్లా ఆసుపత్రికి వచ్చినవాడిని శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజనాసుపత్రికి పంపుతారు. అక్కడా కుదరకపోతే విశాఖ కేజీహెచ్‌కు పంపుతారు. ఒకే మనిషి మూడు చోట్ల లెక్కకెక్కవచ్చు, లేదా మూడు చోట్లా జారిపోవచ్చు. ఇచ్ఛాపురం వైపువాళ్లకు ఒడిశాలోని బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల దగ్గర. పాతపట్నం వాళ్లు పర్లాకిమిడికి పోతారు. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా విడిపడ్డాక కూడా కురుపాం, సాలూరు, పాలకొండ రోగులు విజయనగరం, శ్రీకాకుళం ఆసుపత్రులకు వస్తూనే ఉన్నారు. అందుకే లెక్క ఆసుపత్రి పేరు మీద కాక రోగి ఊరి పేరు మీద ఉండాలి. కేజీహెచ్‌లో రాసిన కేసు విశాఖ ఖాతాలో మిగిలిపోతే మందసలో ఉన్న ఆశా కార్యకర్తకు అందవలసిన కబురు అందదు.

మన జిల్లాలు ఇటీవల చూసినవి గుర్తుచేస్తాను. 2024 అక్టోబరులో గుర్ల మండలంలో అతిసారం ప్రాణాలు తీసింది. 2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో కామెర్లు పాకి ఎందరో బాలికలు ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలూ పోయాయి. ఆ జబ్బులు వేరు, నీటి వల్ల పాకేవి. ఆటలమ్మ వేరు. కానీ ఒకే ఊరి నుంచి, ఒకే హాస్టల్ నుంచి ఒకే లక్షణంతో రెండో మనిషి ఆసుపత్రికి వచ్చిన రోజునే గంట మోగే ఏర్పాటు ఈ మూడింటికీ పనికొస్తుంది. ఆటలమ్మతో మొదలుపెడితే ఆ ఏర్పాటు అలవాటవుతుంది. కంటితో చూసి గుర్తుపట్టగల జబ్బు కాబట్టి మొదలుపెట్టడానికి ఇంతకన్నా తేలికైనది లేదు.

ఈ దేశం ఒకప్పుడు ఆటలమ్మను ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టిందో మీ శాఖకు తెలుసు. మశూచిని తరిమేసే రోజుల్లో, మన దేశంలో చివరి కేసు 1975 మేలో అస్సాంలోని కరీంగంజ్‌లో కనిపించాక కూడా గాలింపు ఆపలేదు. ఇల్లిల్లూ తిరిగారు, సంతల్లో బొమ్మ కార్డులు చూపించి అడిగారు, మశూచి కేసు చూపించినవారికి వెయ్యి రూపాయల దాకా బహుమానం ప్రకటించారు. వచ్చిన ప్రతి పుకారునూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రిజిస్టరుకెక్కించారు. వాటిలో ఎన్నో చివరికి ఆటలమ్మ అని తేలాయి. అది ఆటలమ్మే, మశూచి కాదు అని ప్రతిచోటా వెళ్లి చూసి రాసుకున్నారు కాబట్టే 1977లో మన దేశం మశూచి నుంచి బయటపడిందని ప్రపంచం ఒప్పుకుంది. అప్పుడు కంప్యూటర్లు లేవు, ఊళ్లకు సరైన రోడ్లు కూడా లేవు. ఇప్పుడు ప్రతి ఏఎన్ఎం చేతిలో ఫోనుంది.

అలా తేడా గుర్తించే అవసరం నేటికీ తీరలేదు. 2022లోనూ, మళ్లీ 2024లోనూ పొక్కులతోనే వచ్చే ఎంపాక్స్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. 2022లో బెంగళూరులో ఎంపాక్స్ అని అనుమానించిన ఒక విదేశీ ప్రయాణికుడికి తేలింది చికెన్‌పాక్స్. తట్టును, రుబెల్లాను దేశం నుంచి తొలగించాలని మీ శాఖే జ్వరం, దద్దుర్లు ఉన్న ప్రతి బిడ్డనూ వెతుకుతోంది. ఏది మామూలుగా వచ్చే ఆటలమ్మో, ఎంత వస్తుందో తెలిసినవారికే మామూలు కానిది వచ్చినప్పుడు తేడా తెలుస్తుంది.

టీకా మాట కూడా దీనితో ముడిపడి ఉంది. 1974లో జపాన్ డాక్టరు మిచియాకి తకహాషి తయారుచేసిన టీకా ఇది. భారతీయ శిశువైద్యుల సంఘం రెండు డోసులు వేయించమంటోంది. ప్రభుత్వ ఉచిత టీకాల జాబితాలో మాత్రం ఇది లేదు. బయట ఒక డోసుకే రెండు వేల రూపాయలకు అటూ ఇటూ అవుతుంది. పలాస జీడిపప్పు పరిశ్రమలో దినకూలీ చేసే తల్లికి అది అందే ధర కాదు. ప్రభుత్వం ఆ టీకాను ఇవ్వాలా వద్దా అన్నది తేల్చడానికి ముందు ఒక సంగతి తెలియాలి. పిల్లల్లో సగం మందికే టీకా అందితే వైరస్ తిరగడం తగ్గుతుంది, పోదు. అప్పుడు టీకా అందని పిల్లలు పెద్దయ్యాక జబ్బు పడతారు. తీవ్రమైన కేసులు పెరిగే ప్రమాదం ఉంది. అందుకే 80 శాతం పిల్లలకు వేసి, ఆ స్థాయిని నిలబెట్టుకోగల దేశాలే దాన్ని మొదలుపెట్టే ఆలోచన చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో సలహా ఇచ్చింది. మన దగ్గర ఏ వయసువాళ్లు క్యాజువాలిటీకి చేరుతున్నారో చెప్పే లెక్క లేకుండా ఈ నిర్ణయం ఎవరు తీసుకున్నా అంచనా మీద తీసుకున్నట్టే.

ఇక నా విన్నపాలు.

మొదటిది, క్యాజువాలిటీ చీటీలో ఒక చిన్న గడి పెట్టించండి: “జ్వరం, నీటి పొక్కులు”. దాని కింద వయసు, ఊరు లేదా హాస్టల్ పేరు, పొక్కులు లేచి ఎన్ని రోజులు, గర్భిణా, డయాలసిస్ లేదా క్యాన్సర్ రోగా, ఆయాసం లేదా మత్తు ఉందా, వేరే ఆసుపత్రి నుంచి పంపినవారా. నర్సు నిమిషంలో టిక్కు పెట్టగలగాలి. అంతకు మించి ఒక్క గడి కూడా పెంచకండి. పనిభారంతో నలుగుతున్న మనిషి పెద్ద ఫారం నింపదు.

రెండోది, ఆ వివరం ప్రతి ఉదయం జిల్లా నిఘా విభాగానికి చేరాలి. ఒకే హాస్టల్ నుంచో ఒకే ఊరి నుంచో 21 రోజుల లోపు రెండో కేసు వస్తే ఆ రోజే బృందం వెళ్లాలి. గర్భిణి, పసికందు, డయాలసిస్ రోగి అయితే ఒక్క కేసుకే కదలాలి. విజయనగరం ఘోషా ఆసుపత్రిలో కాన్పుకు వచ్చిన తల్లికి పొక్కులు కనిపిస్తే ఆ కబురు పసిపిల్లల వార్డుకు కాన్పు కంటే ముందే చేరాలి.

మూడోది, రాగోలు, నెల్లిమర్ల ప్రైవేటు వైద్య కళాశాలల ఆసుపత్రులనూ ఇందులో చేర్చండి. కేజీహెచ్‌తో ఊరి వారీగా పంచుకునే ఏర్పాటు చేయించండి. ఒడిశా అధికారులతో మాట్లాడి బరంపురం, పర్లాకిమిడి లెక్కలు కూడా తెప్పించండి.

నాలుగోది, క్యాజువాలిటీలో పొక్కులున్నవాళ్లకు గాలి ఆడే చోట విడిగా బెంచీ, మాస్కు. పెద్దవాళ్లకు పొక్కులు లేచిన 24 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేసే అసైక్లోవిర్ మాత్రలు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదన్న మాట ప్రతి మందుల షాపు గోడ మీద.

ఐదోది, హాస్టళ్లు. ఒకరికి పొక్కులు లేస్తే మిగతా పిల్లలను కూడా ఇళ్లకు పంపించే అలవాటు ఆపించండి. సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల ఆశ్రమ పాఠశాలల నుంచి కొండ మీది గూడేలకు బస్సుల్లో వెళ్లే పిల్లల్లో కొందరు అప్పటికే వైరస్‌ను మోస్తూ ఉంటారు. అక్కడ ఇంట్లో బాలింత ఉండవచ్చు, ముసలివాళ్లు ఉండవచ్చు. హాస్టల్లోనే విడి గది, పాలు, పండ్లు, ఏఎన్ఎం రోజువారీ చూపు, పరీక్ష రాసేందుకు విడి గది ఇప్పించండి. కబురు ఇచ్చిన వార్డెన్‌కు నోటీసు ఇవ్వకండి. లెక్క చెప్పినవాడికి శిక్ష పడితే మరుసటి ఏడాది లెక్కే రాదు.

ఆరోది, వారం వారం ఆ లెక్కను పేర్లు లేకుండా మండలాల వారీగా బయటపెట్టండి. ఊరి నుంచి తీసుకున్న సమాచారం ఊరికే తిరిగి చేరాలి. లేకపోతే ఎవరూ మనసు పెట్టి రాయరు.

ఒక మాట మనవి చేయాలి. దీన్ని మూఢనమ్మకాల మీద యుద్ధంగా ప్రకటించకండి. పైడితల్లినీ కొత్తమ్మతల్లినీ కొలిచే మా తల్లులు జబ్బుపడ్డ బిడ్డను విడిగా ఉంచుతారు, శుభ్రంగా ఉంచుతారు, బయటివాళ్లను రానివ్వరు. వైద్యం చెప్పేదీ అదే. వాళ్లకు చేరాల్సినవి మూడే మాటలు. తలకు నీళ్లు పోసిన రోజుతో అంటు పోదు, ఆఖరి పెచ్చు కట్టాకే పోతుంది. ఆయాసం, ఆగని వాంతులు, మత్తు, ఫిట్స్, చీము కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురావాలి. ఇంట్లో గర్భిణి ఉంటే మొదటి రోజే ఏఎన్ఎంకు చెప్పాలి. ఈ మాటలు ఆశా కార్యకర్త నోట, ఆ ఊరి యాసలో, అమ్మవారి మీద గౌరవంతో చెప్పించండి. వింటారు.

వచ్చే జనవరి నుంచి జూన్ దాకా శ్రీకాకుళం, విజయనగరం సర్వజనాసుపత్రుల్లోనూ, టెక్కలి, పలాస, పార్వతీపురం ఆసుపత్రుల్లోనూ ఇది నడిపి చూడండి. కావలసింది చీటీలో ఒక గడి, ఉదయాన్నే ఒక ఫోను, అడిగే అధికారి ఒకరు. జూన్‌లో ఆ లెక్కను ప్రజల ముందు పెట్టండి. పనికొచ్చిందని తేలితే రాష్ట్రమంతటికీ విస్తరించండి. ఏ లోపాలున్నాయో తేలితే సరిదిద్దండి. ఈ జిల్లాల తల్లిదండ్రులు మిమ్మల్ని అడిగేది తమ బిడ్డల జబ్బు ప్రభుత్వ పుస్తకంలో ఒక వరసగా కనిపించాలనీ, ఆ వరస చదివిన అధికారి ఆ రోజే కదలాలనీ. ఈ ఉత్తర్వు జనవరి లోపు ఇప్పించండి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక ఉత్తరాంధ్ర పౌరుడు

ప్రతులు: శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల కలెక్టర్లకు, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారులకు.